నీరొచ్చింది.. నేల మారింది
గోదావరి డెల్టా రూపురేఖలు మార్చిన ఆర్థర్ కాటన్ జీవిత ప్రస్థానం

ధవళేశ్వరం: కాలువ గట్టున కొబ్బరిచెట్లు, గట్టు దిగితే కనుచూపు మేర వరిచేలు. గోదావరి డెల్టాకు కొత్తగా వచ్చినవారు ఈ పచ్చదనం తాతముత్తాతల కాలం నుంచీ ఉన్నదేనని భావిస్తారు. వాస్తవం అది కాదు. నూటఎనభై ఏళ్ల క్రితం ఈ నేలలో అధిక భాగం జొన్న, చోడి, ఉలవ, నువ్వు పండే మెట్ట. వాన కురిస్తే పంట, లేకుంటే పస్తు. పక్కనే నది నిండుగా పారి సముద్రంలో కలిసిపోయేది. నది ఒడ్డున ఉండి కరవుతో చచ్చిన జనం ఇక్కడివారు. ఆ నేల రూపు మారడానికి ముఖ్య కారకుడైన ఆంగ్లేయ ఇంజినీరు సర్ ఆర్థర్ థామస్ కాటన్. మే 15 ఆయన జయంతి. ఏటా ఆ రోజున గోదావరి జిల్లాల రైతులు ఆయన విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. పాలకులుగా వచ్చిన తెల్లదొరల్లో ఈ గౌరవం దక్కినవారు మన నాట వేళ్ల మీద లెక్కించదగినంత మందే.

పదహారేళ్లకే సైన్యంలోకి..

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండు మంది కుమారులు. వారిలో ఆర్థర్ పదోవాడు. ఈస్టిండియా కంపెనీ నడిపే ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజినీర్ల దళంలో చేరారు. 1821లో మద్రాసు వచ్చే నాటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. తొలి రోజుల్లో దక్షిణాది జిల్లాల చెరువుల పనులు చూశారు. బర్మా యుద్ధానికి వెళ్లి వచ్చారు. అన్నలు, తమ్ముడు ఏదో ఒక కొలువులో ఉన్న పెద్ద కుటుంబంలో ఇదేమంత చెప్పుకోదగిన విశేషం కాదు. అసలు చదువు ఆ తరువాత కావేరి ఒడ్డున మొదలైంది.

తంజావూరు డెల్టాకు నీరిచ్చే కావేరి, కొల్లిడం పాయల వద్ద అప్పటికి పెద్ద చిక్కు వచ్చిపడింది. నీరంతా లోతుగా ఉన్న కొల్లిడం వైపు మళ్లిపోయి, కావేరి పాయ ఇసుకతో పూడిపోతోంది. సారవంతమైన తంజావూరు భూములు బీళ్లుగా మారే ప్రమాదం ముంచుకొచ్చింది. కాటన్ 1836 నాటికి కొల్లిడంపై ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు ఆనకట్టలు కట్టించి ఆ గండం గట్టెక్కించారు.

అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం పుస్తకాల్లోది కాదు. చోళరాజు కరికాలుడు కట్టించినట్టు చెప్పే కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించారు. రాతిపొర తగలని ఇసుక నదిలో కట్టడం నిలవదని నాటి ఐరోపా ఇంజినీర్ల నమ్మకం. కల్లణై మాత్రం ఇసుక మీదే శతాబ్దాలుగా నిలిచి ఉంది. పెద్ద రాళ్లను ఇసుకలో వదిలితే అవి కొంత కుంగి, ఆ తరువాత కదలకుండా నిలబడతాయి. వాటిపై మళ్లీ రాళ్లు పేర్చుకుంటూ పోవచ్చు. ఈ కిటుకును ఈ దేశపు పాత పనివారి వద్దే నేర్చుకున్నామని కాటన్ తరువాతి కాలంలో దాపరికం లేకుండా రాశారు. గోదావరి ఆనకట్ట ఇంగ్లండు విద్యకు ఫలమని చెప్పుకునేవారు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తారు.

కరవు కాలం

కాటన్ రాక మునుపు రాజమండ్రి జిల్లా స్థితిని అంకెలే చెబుతాయి. 1821లో జిల్లా జనాభా సుమారు 7.38 లక్షలు. 1841 నాటికి అది 5.61 లక్షలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చచ్చారు, మరికొందరు వలస పోయారు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరవు వచ్చింది. గుంటూరు సీమలో డొక్కల కరవుగా పేరుపడిన విపత్తు ఇదే. ఆ సెగ గోదావరి తీరాన్నీ తాకింది. ఆ తరువాతి ఏళ్లలోనూ పంటలు నిలకడగా లేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, సముద్రపు ఉప్పెన కోరంగి రేవును నేలమట్టం చేశాయి.

ప్రకృతి ఒక్కటే దీనికి కారణం కాదు. ఇంజరం, నీలపల్లి, మాధవాయపాలెం కేంద్రాల ద్వారా నేత వస్త్రాలు కొనే కంపెనీ, క్రమంగా ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. మిల్లు బట్ట ఎదురు దిగుమతి కావడం మొదలైంది. మగ్గం ఆగిపోయిన నేతగాడు పొలం కూలికి దిగాడు. జమీందారీలు అప్పుల్లో మునిగి ఒక్కొక్కటిగా సర్కారు చేతికి వచ్చాయి. పన్ను వసూలు మాత్రం ఆగలేదు. చెరువుల మరమ్మతు ఎవరి బాధ్యతో తేలలేదు. పూడిక తీయని చెరువు, గండి పూడ్చని గట్టు, విత్తనానికి గింజ మిగలని రైతు.. పల్లె పాడుపడడానికి ఇంతకంటే ఏం కావాలి?

గోదావరి, కృష్ణా నీటిని పొలాలకు మళ్లించవచ్చని 1790లలోనే మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు సూచించారు. ఆ ఆలోచన అర్ధ శతాబ్దం పాటు కాగితాల్లోనే ఉండిపోయింది. జనం చచ్చినప్పుడు కదలని కంపెనీ, శిస్తు పడిపోయాక కదిలింది. జిల్లా దుస్థితిపై విచారణకు వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇస్తూ, నీటిపారుదలే దీనికి మందు అని తేల్చారు. ఆ పని పరిశీలించడానికి నియమితులైన ఇంజినీరే మేజర్ కాటన్. అప్పటికి ఆయన అనారోగ్యంతో సుదీర్ఘ సెలవు గడిపి, 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను వివాహమాడి తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో సముద్రపు కోతను అడ్డుకునే పనుల్లో ఉన్నారు.

గట్టు ఎత్తు, పొలం పల్లం

డెల్టా అంతటా తిరిగిన కాటన్‌కు ఇక్కడి భూమి తీరు ఇట్టే బోధపడింది. వరదలు తెచ్చిన ఒండ్రు ఏటేటా ఒడ్డున పేరుకుపోవడంతో నది వెంబడి నేల ఎత్తుగా ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ పల్లమవుతుంది. కనుక ధవళేశ్వరం వద్ద నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకెత్తి, ఎత్తయిన నేల వెంట కాలువ తవ్వితే చాలు. అక్కడి నుంచి నీరు తనంతట తానే రెండు వైపులా పల్లానికి దిగుతుంది. ఏతాం అక్కరలేదు, కపిల అక్కరలేదు. పైగా ఆ బురద నీరే పొలానికి ఎరువు.

1844, 1845లలో ఆయన ఇచ్చిన నివేదికల్లో జాలి మాటల కంటే జమాఖర్చు లెక్కలే ఎక్కువ. ఎంత ఖర్చుకు ఎంత శిస్తు పెరుగుతుంది, చెరకు వేస్తే ఎగుమతి ఎంత, కాలువల్లో పడవలు నడిపితే రవాణా ఎంత చౌక అని వివరించారు. లండన్‌లోని డైరెక్టర్లకు అర్థమయ్యే భాష అదేనని ఆయనకు తెలుసు. కరవు బాధితులపై ఆయనకు దయ లేదని దీని అర్థం కాదు. దయకు మంజూరు దొరకదని మాత్రం ఆయన గ్రహించారు. 1846 చివర డైరెక్టర్లు ఆనకట్టకు సుమారు 4.75 లక్షల రూపాయలు అనుమతించారు. ఖర్చు తరువాత ఆ అంచనాను దాటిపోయింది.

ధవళేశ్వరం కొండ కరిగి..

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం వద్ద గోదావరి వెడల్పు, నడుమ లంకలతో కలిపి, సుమారు నాలుగు మైళ్లు. ఆ లంకలనే ఆసరా చేసుకుని ఆనకట్టను నాలుగు భాగాలుగా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా అవి ప్రసిద్ధం. రాతికట్టుబడి నిడివే రెండు మైళ్లకు మించింది. ఎత్తు 12 అడుగులు. ఇసుకలో బావులు దింపి, వాటిపై రాతికట్టడం లేపి, దిగువ వైపున పెద్ద రాళ్లతో వాలు పరిచారు. రాయి ధవళేశ్వరం కొండది. కొండ నుంచి ఏటి దాకా పట్టాలు పరిచి బండ్లపై రాళ్లు తోలారు.

వేసవిలోనే పని. తొలకరి పడి వరద వచ్చేలోగా మొదలుపెట్టిన భాగం నిలదొక్కుకోవాలి, లేకుంటే ఏడాది కష్టం ఏటి పాలు. దాదాపు పది వేల మంది కూలీలు ఎండలో రాళ్లు మోశారు, సున్నం దంచారు, ఇసుక తోడారు. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. ఒక్క పేరు మాత్రం నిలిచింది. అది వీణం వీరన్నది. మచిలీపట్నం ప్రాంతీయుడైన వీరన్న కాటన్ వద్ద సబ్ ఇంజినీరుగా పనిచేశారు. కూలీలను కూడగట్టడం, పనికి నిలబెట్టడం, దొరకూ జనానికీ నడుమ మాట నడపడం ఆయన వంతు. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. ఊరూరా కాటన్ విగ్రహాలున్న గోదావరి జిల్లాల్లో వీరన్న విగ్రహం కోసం మాత్రం వెతుక్కోవాల్సిందే.

మండుటెండల్లో నిలబడి పని చేయించిన కాటన్ ఆరోగ్యం 1848లో పూర్తిగా దెబ్బతింది. రెండేళ్లు సెలవుపై వెళ్లక తప్పలేదు. ఆ కాలంలో కెప్టెన్ ఓర్ పని నడిపించారు. కాటన్ 1850లో తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. అదే సమయంలో లెఫ్టినెంట్ హేగ్ కోనసీమలోని గన్నవరం వద్ద వైనతేయ పాయపై 49 ఖానాల అక్విడక్టు నిర్మించి, పాయకు ఆవలి లంక భూములకు కాలువ నీరు దాటించారు. కింద నది, పైన కాలువ. నాటి జనానికి అదొక వింత. తరువాతి కాలంలో దాని చెంతన కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కృష్ణపై విజయవాడ వద్ద ఆనకట్ట కూడా 1855 నాటికి ఓర్ పర్యవేక్షణలో పూర్తయింది.

మారింది పంట ఒక్కటే కాదు

ఆనకట్ట కట్టగానే డెల్టా పచ్చబడిందన్నది సగం నిజమే. ప్రధాన కాలువలు, పిల్ల కాలువలు, పంట బోదెలు తవ్వి నీరు చివరి మడి దాకా చేరడానికి దశాబ్దాలు పట్టింది. తరువాతి తరం ఇంజినీర్లు ఆనకట్ట ఎత్తు పెంచి, పైన షట్టర్లు అమర్చారు. నీరు చేరిన చోటల్లా జొన్న, చోడి వెనక్కి తగ్గి వరి ముందుకొచ్చింది. మొదట సార్వా, ఆపైన నీటి వసతిని బట్టి దాళ్వా. కాటన్ నివేదికలో గొప్పగా కనిపించిన చెరకు కొన్ని ప్రాంతాలకే పరిమితమైంది. ఏ పంట వేయాలో దొర నివేదిక నిర్ణయించలేదు. పల్లపు నేల, తిండి అవసరం, బియ్యం ధర నిర్ణయించాయి.

నేల వాడకం మారితే పల్లె కట్టుబడి అంతా మారుతుంది. పశువుల మేతకు వదిలిన బంజర్లు మడులయ్యాయి. పచ్చిక కరవై డెల్టా రైతులు పంట కాలంలో పశువులను మెట్టకూ, మన్యానికీ తోలవలసి వచ్చింది. మడి చెక్కలుగా మారిన నేలకు హద్దులూ, గట్ల తగాదాలూ వచ్చాయి. కాలువ ఎగువ రైతుకు, దిగువ శివారు రైతుకు నడుమ పేచీ మొదలైంది. అది నేటికీ తీరలేదు. పొలానికి ధర వచ్చింది, ధర వచ్చాక అప్పు పుట్టింది. కాకినాడ, ఏలూరు, విజయవాడల మీదుగా మద్రాసు వైపు కాలువ దారి కలిసింది. లాకుల వద్ద పడవలు ఆగే చోటల్లా సంతలు పుట్టాయి. ధాన్యం అమ్మిన సొమ్ముతో బడులు, సత్రాలు వెలిశాయి. మరోవైపు భూమి లేని పేదలు అదే కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి బర్మా పోయారు. రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలని పిలిచేవారు. నీరు పొలానికి వచ్చింది. పొలం లేనివాడికి ఆ నీటితో పని తక్కువ.

1876లో ధాత కరవు మద్రాసు రాజధానిని కబళించింది. రాయలసీమ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ గడ్డుకాలంలో గోదావరి, కృష్ణా డెల్టాలు పండి ధాన్యం పంపాయి. ముప్పై ఏళ్ల కిందట జనాభా తరిగిపోయిన నేల ఇతరులకు తిండి పెట్టే స్థితికి చేరింది. కాటన్‌కు ఇంతకంటే యోగ్యతాపత్రం అక్కరలేదు.

కర్నూలులో ఎందుకు పారలేదు

అదే కాటన్ ఆలోచనతో మరో కాలువ వచ్చింది. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై కర్నూలు, కడపల మీదుగా సాగే కె.సి. కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. నదుల్ని, కాలువల్ని కలిపి దేశమంతటా జలరవాణా నెలకొల్పాలన్న కాటన్ ఊహలో అదొక ముక్క. కాలువలో నీరైతే పారింది గానీ, పొలాల్లోకి ఆశించినంత దిగలేదు. అక్కడి నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది. మామూలు వాన పడిన ఏడు జొన్నకు కాలువ నీటితో పని లేదు. నీటి పన్ను కట్టి, మడులు కట్టి, వరికి మారేందుకు రైతు ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోగా 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది.

గోదావరిలో గెలిచిన పద్ధతి కర్నూలులో తడబడడానికి ఇంజినీరింగు లోపం ఒక్కటే కారణం కాదు. డెల్టా పల్లపు నేల వేరు, సీమ రేగడి వేరు. కాటన్ నీటి బలాన్ని ఎరిగినంతగా, ఆ నీటిని వాడుకునే రైతు లెక్కను ఎరగలేదేమోననిపిస్తుంది. ఇంగ్లండులో విమర్శకులు దీన్నే పట్టుకున్నారు. రైళ్ల కంటే కాలువలే మేలని వాదించిన కాటన్‌పై రైల్వే పెట్టుబడిదారులకు ఎప్పుడూ గుర్రే. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట వయోవృద్ధుడైన ఆయన తన ప్రణాళికలను సమర్థించుకోవాల్సి వచ్చింది. సంఘం ఆయన వాదనను ఆదరించలేదు.

మురుగు మిగిలింది

డెల్టాలోనూ కాటన్ నాటి పనికి ఒక వెలితి ఉంది. నీరు తెచ్చే కాలువలకు ఇచ్చిన ప్రాధాన్యం నీరు పోయే మురుగు కోడులకు దక్కలేదు. కాలువ గట్లు సహజంగా పారే వాననీటికి అడ్డుపడ్డాయి. పల్లపు ఊళ్లలో నారుమడులు కుళ్లిపోవడం ఏటేటి తంతుగా మారింది. 1960లలో మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్యను పరిశీలించి సూచనలు చేసింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. ముంపు మాత్రం తప్పలేదు.

కాటన్ ఆనకట్ట నూరేళ్లకు పైగా పనిచేసి శిథిలావస్థకు చేరడంతో, 1970లో కొత్త బ్యారేజీకి పని మొదలై 1982 నాటికి పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. ఆ బ్యారేజీ కింద ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు. ఆ ఎకరాల తీరు మళ్లీ మారుతోంది. 1990ల నుంచి చేపల, రొయ్యల చెరువులు వరిమడులను మింగుతున్నాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేదని, కూలి ఖర్చులు, ముంపు భరించలేమని పంట విరామం ప్రకటించారు. నీరు నిండా ఉన్న కాలువ పక్కన చేలు బీడుపడ్డాయి. జొన్నను వెళ్లగొట్టిన వరికి నూటయాభై ఏళ్ల తరువాత అదే గతి పట్టింది.

డార్కింగ్ పెరట్లో గోధుమ

కాటన్ 1860లో కొలువు విరమించి స్వదేశం వెళ్లారు. 1861లో సర్ బిరుదు, 1866లో కె.సి.ఎస్.ఐ. హోదా లభించాయి. వార్ధక్యంలో లండన్‌కు దక్షిణాన ఉన్న డార్కింగ్ పట్టణంలో స్థిరపడ్డారు. ప్రభుత్వాలకు ఉత్తరాలు రాయడం, కరపత్రాలు అచ్చువేయడం మానలేదు. కలిపిన నదుల పటం ఆయన మనసులోనే మిగిలింది.

ఇక్కడ గోదావరి తీరాన ఆయన పేరు అప్పటికే పూజల్లోకి చేరింది. నదీస్నానం వేళ కొందరు పురోహితులు సంకల్పంలో కాటన్ దొరను తలచుకునేవారని పెద్దలు చెబుతారు. ధవళేశ్వరంలో ఆయన నివసించిన భవనం మ్యూజియంగా మారింది. ఆనకట్ట నమూనాలు, నాటి పనిముట్లు అక్కడ చూడవచ్చు.

చివరి సంవత్సరాల్లో ఆయన దృష్టి నీటి నుంచి మట్టి వైపు మళ్లింది. నేలను మామూలు కంటే లోతుగా తవ్వి, గుల్లచేసి, గోధుమ వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో పెరటి తోటలో పరీక్షలు చేశారు. వెన్ను వెన్నుకూ గింజలు లెక్కపెట్టించారు. తొంభై ఏళ్లు దాటిన తరువాతా ఆ లెక్కలు ఆపలేదు. 1899 జులై 24న, తన 96వ ఏట, డార్కింగ్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవిత చరిత్రను ప్రచురించారు.